బాసూను కచేరియు, దాని వాదకుల జీవితములును

పాశ్చాత్య దేశములలో ఏకవాద్య కచేరి యనగానే ప్రజలకు పియానో గాని వయొలిన్ గాని స్ఫురించును. బాసూను కచేరి యన్నచో ఆ దేశములవారు సైతము కొంచెము నవ్వుకొని వచ్చి కూర్చుందురు. ఆ నవ్వునకు కారణము లేకపోలేదు. 1897వ సంవత్సరమున పాల్ డ్యుకా యను ఫ్రెంచి సంగీతకర్త, మంత్రగాని శిష్యుని కథను వాద్యములతో చెప్పుచు, మంత్రబలమున నడచు చీపురుకట్టకు బాసూను గొంతు నిచ్చెను. 1936లో రష్యను సంగీతకర్త ప్రొకోఫియెవ్ బాలుర కొఱకు వ్రాసిన "పీటరును తోడేలును" అను కథలో గొణుగుడు తాతగారు మాటలాడునదియు ఈ వాద్యముతోనే. ఇట్లు వినోదమునకు వాడి వాడి లోకము దీనిని హాస్యగాని స్థానమున నిలిపినది.

అయినను బాసూను కచేరికి పోయినవారు చేతి కిచ్చిన కార్యక్రమ పత్రమును శ్రద్ధగా చదివినచో వేఱొక సంగతి తెలియవచ్చును. అందలి రచనలలో అనేకము ఏదో యొక వాద్యబృందమున వెనుక వరుసలో కూర్చుండి, జీతమునకు వాయించుచు, జీవితకాలమంతయు తన పేరు ప్రజలకు తెలియకయే గడపిన యొక్కొక్క మనుష్యుని నిమిత్తము పుట్టినవి. ఆ మనుష్యులను గూర్చియే నాలుగు మాటలు చెప్పదలచితిని.

ముందుగా వాద్యము నెఱుగవలయును. మన నాగస్వరమును సన్నాయియు నెట్టివో బాసూనును జాతిచేత నట్టిదే. రెండు రెల్లు రేకులను జత చేర్చిన పీకలో ఊదగా రేకు లదరి నాదము పుట్టును. కాని నాగస్వరము తిన్నగా సాగిన గొట్టము, బాసూను మడిచిన గొట్టము. దాని గొట్టమును చాచి కొలిచినచో ఎనిమిది అడుగులకు మించును. అంత పొడవు నెవ్వడును పట్టుకొనలేడు గనుక, అడుగున వంపు త్రిప్పి, రెండు పాయలుగా ప్రక్కప్రక్కను నిలిపి, నాలుగున్నర యడుగుల వాద్యముగా చేసిరి. ఇటలీవారు దీనిని ఫగొట్టో యందురు. కట్టెలమోపు అని యర్థము చెప్పుదురు. విడదీసి పెట్టెలో పెట్టినప్పుడు చూచినచో ఆ పేరు తగియే యున్నది. జర్మను బాసూను మేపుల్ కొయ్యతో చేయబడును. పైభాగమున సన్నని లోహపు గొట్టము వంకరగా వచ్చి వాదకుని పెదవుల నందుకొనును. పీక దాని కొనకు తగిలింపబడును. పది వ్రేళ్లకును పని కలదు. ఎడమచేతి బొటనవ్రేలు ఒక్కటియే ఎనిమిది తొమ్మిది మీటలను చూచుకొనవలయును. ఈ వ్రేలికి ఇందులో విశ్రాంతి లేదు.

పీకల సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. వానికి కావలసిన రెల్లు ముఖ్యముగా ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమున వార్ మండలమునందు పెరుగును. ఆ రెల్లును ఎండబెట్టి, చీల్చి, లోపల చెక్కి, మడిచి, తీగతోను దారముతోను బిగించి, కొన రేకును కత్తితో పలుచన చేయుట వాదకులలో పలువురు తామే చేసికొందురు. వెండ్రుకవాసి యెక్కువ గీచినచో పీక పాడగును. తక్కువ గీచినచో పలుకదు. ఇంత శ్రమపడి చేసినదియు కొన్ని వారములకు నీరసించును. కావున బాసూను వాదకుని వృత్తిలో సగము సంగీతము, సగము వడ్రంగము.

ఇక రచనలు. వెనిసు నగరమున వివాల్డి యీ వాద్యమునకు ముప్పదితొమ్మిది కన్సర్టోలు వ్రాసెను. అందు రెండు అసంపూర్ణములు. మొజార్ట్ 1774 జూనులో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, సాల్జ్‌బర్గులో వ్రాసిన కన్సర్టో నేటికిని ప్రతి బాసూను విద్యార్థికి పరీక్షగా నిలిచియున్నది. ఇతర దేశములలో వాద్యబృందమున ఉద్యోగమునకు వచ్చినవారిని మొదట దానినే వాయింపుమందురు.

నా కన్నిటికంటె ప్రియమైన కథ వేబర్ రచనకు సంబంధించినది. 1811లో ఇరువదినాలుగేండ్ల యువకుడైన వేబర్ మ్యూనిక్ నగరమునకు వచ్చి, అచ్చటి రాజాస్థాన వాద్యబృందమున క్లారినెట్ వాయించు బేర్‌మన్ అను స్నేహితుని కొఱకు ఒక చిన్న కన్సర్టో వ్రాసెను. అది విని రాజు మిగుల సంతసించి ఇంకను రెండు వ్రాయుమనెను. వెంటనే బృందమునందలి మిగిలిన వాదకులును తమ తమ వాద్యములకు ఒక్కొక్కటి వ్రాసిపెట్టుమని వేబరు వెంటబడిరి. వారిలో కోరిక నెరవేరినది బాసూను వాదకుడైన గియోర్గ్ ఫ్రీడ్రిఖ్ బ్రాంట్ అనువాని కొక్కనికే. నవంబరు నెలలో కొలది దినములలో రచన ముగిసెను. డిసెంబరు 28వ తేదీన బ్రాంట్ దానిని మ్యూనిక్‌లో వాయించెను. అప్పటికి వేబర్ దేశాటనమునకు వెడలిపోయి యుండుటచే వినలేదు. 1813 ఫిబ్రవరిలో ప్రేగు నగరమున బ్రాంట్ దానిని మరల వాయింపగా సంగీతకర్త స్వయముగ వినెను. తొమ్మిది సంవత్సరముల తరువాత, అనగా 1822లో, అచ్చువేయించుటకు ముందు కొన్ని మార్పులు చేసెను. బ్రాంట్ అడుగకున్నను, ఆస్థాన వాదకునికి ఇంతటి కోరిక యేల యని వెనుదీసియున్నను, ఈ కన్సర్టో నేడు మనకు లేకపోయెడిది.

ఆ కాలపు బాసూనుకు లోపములు పెక్కు. కొన్ని స్వరములు మందములు, కొన్ని శ్రుతి తప్పును. కార్ల్ ఆల్మెన్‌రేడర్ అను జర్మను వాదకుడు రంధ్రముల స్థానములను, మీటలను సవరించుటకు పూనుకొనెను. అతనితో కలిసి పనిచేసిన యోహాన్ ఆడం హెకెల్ 1831లో బీబ్రిక్ అను నూరిలో కర్మాగారము స్థాపించెను. హెకెల్ బాసూను నాదము గంభీరము, సమము. ఫ్రెంచివారు మాత్రము తమ పాత వాద్యమునే మెఱుగుపరచుకొని నిలుపుకొనిరి. దాని గొంతు సన్నముగను మానవకంఠమునకు దగ్గరగను ఉండును. ఏది మేలను వాదము రమారమి నూఱేండ్లు నడచినది. ఇంగ్లండులో ఇది కేవలము వాదము గాక అన్నవస్త్రముల ప్రశ్న యయ్యెను; ఏలయన, ఒక వాద్యమున వ్రేళ్లు కుదుర్చుకొన్నవాడు రెండవదానికి మారవలెనన్నచో బాల్యమునుండి నేర్చినదానిలో చాల భాగమును మరచి మరల నేర్వవలయును.

ఆర్చీ కామ్‌డెన్ అట్టి సంధికాలపు మనుష్యుడు. 1888లో జన్మించి, 1906లో మాంచెస్టరు నగరపు హాలే వాద్యబృందమున చేరెను. ఇంగ్లండులో ఎక్కువమంది ఫ్రెంచి వాద్యము వాయించుచున్న దినములలో అతడు జర్మను వాద్యమును చేపట్టెను. 1926లో హామిల్టన్ హార్టీ నాయకత్వమున మొజార్ట్ కన్సర్టోను గ్రామఫోను పలకలపై నిలిపెను. సంగీతసభకు పోవ వీలులేని సామాన్యులు తమ యిండ్లలో కూర్చుండి, హాస్యగాడనుకొన్న వాద్యము పాడుట విన్నది అప్పుడు. 1933లో అతడు బి.బి.సి. వాద్యబృందమునకు మారెను. లండనులోని ఇతర వాదకులలో చాలమంది 1930 తరువాతి సంవత్సరములలో జర్మను వాద్యమునకు మారిరి. అందఱును మారలేదు. 1945లో ఏర్పడిన ఫిల్‌హార్మోనియా బృందమున ప్రధాన వాదకుడైన సెసిల్ జేమ్స్ ఫ్రెంచి బాసూనును విడువక వాయించెను. ఓడిపోవు పక్షమున నిలిచి ఇంత మధురముగా వాయించిన వారరుదు.

ఎల్గారు 1910లో వ్రాసిన "రొమాన్సు" ఆరు నిమిషముల చిన్న రచన. ఎల్గారు యౌవనమున తానే బాసూను వాయించెడివాడు. సోదరుడును స్నేహితులును కలిసిన యొక చిన్న గోష్ఠిలో అది అతని పాలికి వచ్చిన వాద్యము. కావున దాని స్వభావ మతనికి లోపలినుండి తెలియును. ఈ రచనను లండను సింఫొనీ వాద్యబృందపు ప్రధాన బాసూను వాదకుడైన ఎడ్విన్ జేమ్స్‌ కొఱకు వ్రాసెను. 1911 ఫిబ్రవరిలో హెర్ఫర్డు నగరమున జేమ్స్ వాయింపగా ఎల్గారు స్వయముగా బృందమును నడపెను. ఇందు హాస్యము లేశమును లేదు. వృద్ధుడొకడు సాయంకాలమున పూర్వదినములను తలచుకొన్నట్లుండును.

సాన్-సాన్స్ కథ యింకను కరుణమైనది. ఎనుబదియైదేండ్ల వయస్సున, 1921లో, ఆ మహనీయుడు రచనలు తక్కువగా నున్న వాద్యములకు తన తుదిశక్తిని వినియోగింపదలచి, ఓబో, క్లారినెట్, బాసూనులకు ఒక్కొక్క సొనాటా వ్రాసెను. బాసూను సొనాటాను పారిసు గాననాటకశాలలో ప్రధాన వాదకుడైన లియోన్ లెటెలియే కంకితము చేసెను. ఆ డిసెంబరులోనే ఆల్జీర్సు నగరమున మృతినొందెను. ఆ సొనాటా లేని బాసూను కచేరి నేడరుదు.

అమెరికా వాదకులలో ఇద్దఱు 1915లోనే జన్మించిరి. సోల్ షోన్‌బాక్ 1937 మొదలు 1957 వరకు ఫిలడెల్ఫియా బృందమున ప్రధాన వాదకుడు. స్ట్రవిన్‌స్కీ "వసంత యజ్ఞము" బాసూను ఒక్కటియే, దాని కత్యున్నతమైన స్థాయిలో, ప్రారంభించును. 1913లో పారిసులో మొదటిసారి విన్నవారు అది యే వాద్యమో పోల్చుకొనుటయే కష్టము. 1940 నాటి "ఫాంటేసియా" చలనచిత్రమున ఆ ఘట్టము ఫిలడెల్ఫియా బృందము వాయించినదే. నలుబదిరెండేండ్ల వయస్సున షోన్‌బాక్ ఆ పదవిని విడిచి, ఆ నగరముననే పేద బాలురకును సంగీతము నేర్పు సెటిల్‌మెంట్ సంగీత పాఠశాలకు అధ్యక్షుడై 1981 వరకు పనిచేసెను. లియొనార్డ్ షారో అట్లుగాక బృందమునుండి బృందమునకు పోయెను. 1947లో టోస్కనీనీ నాయకత్వమున మొజార్ట్ కన్సర్టోను రికార్డు చేసి, పిమ్మట చికాగోలో ప్రధాన వాదకుడై, ఇండియానా విశ్వవిద్యాలయమున బోధించి, అరువది దాటిన తరువాత పిట్స్‌బర్గు బృందమున మరల కుర్చీ యెక్కెను.

జూడిత్ లెక్లేర్ 1981లో, ఇరువదిమూడేండ్లకే, న్యూయార్కు ఫిల్‌హార్మోనిక్ బృందమున ప్రధాన బాసూను వాదకురాలయ్యెను. చలనచిత్ర సంగీతముచే లోకప్రసిద్ధుడైన జాన్ విలియమ్స్ ఆమె కొఱకు "ఐదు పవిత్ర వృక్షములు" అను కన్సర్టో వ్రాయగా, 1995లో ఆమె దానిని తొలిసారి వినిపించెను. బ్రాంట్ నాటి మర్యాద యింకను సాగుచున్నదని దీనివలన తెలియును.

ఇంత చరిత్ర గల వాద్యమునకు నేడు నేర్చువారు చాలకున్నారు. మంచి బాసూను వెల యొక మోటారుకారు వెలకు తీసిపోదు. చిన్నపిల్లల వ్రేళ్లకు మీటలందవు. అందువలన బాలురు వేణువు వైపునకో గిటారు వైపునకో పోవుదురు. 2015లో హాలండు దేశమున బాసూనును రక్షింపుడని ప్రచారము చేయవలసి వచ్చెను. ఇందుకు ప్రతిక్రియగా కొందఱు పనివారు చిన్నచేతులకు తగిన చిన్న బాసూనులను చేయుచున్నారు. అవి పెద్దదానికంటె హెచ్చు శ్రుతిలో పలుకును గాని, వ్రేళ్లు వేయు పద్ధతి యొక్కటే గనుక, పిల్లవాడు పెరిగినప్పుడు నేర్చినది మరువ నక్కరలేదు. కచేరి ముగిసి జనులు లేచి పోవుచుండగా, ముందు వరుసలో కూర్చున్న యే పిల్లయో వేదికయొద్దకు వచ్చి, వాదకుడు వాద్యమును విడదీసి, వంపులో చేరిన నీటిని గుడ్డతో తుడిచి, పీకను చిన్న పెట్టెలో దాచుకొనుట చూచుచు నిలుచుట కలదు. అట్టివారికి వాదకులు పీకను మరల పైకి తీసి చూపుదురు.