ఎద్దు జబ్బ నరం నలిగితే

రాచర్ల, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో ట్రాక్టర్లు ఎన్ని వచ్చినా ఎద్దుల జతను వదలని రైతులు ఇంకా ఉన్నారు. దుక్కికో, బండికో, బండలాగుడు పందెానికో పెంచుకొన్న ఒంగోలు ఎద్దు ఉన్నట్టుండి ముందుకాలు కుంటిందంటే ఇంటిల్లిపాదికీ దిగులే. అందరూ ముందు గిట్టలో ముల్లు వెదుకుతారు. వెదకవలసిందే. ముల్లూ లేదు, కాలికి వాపూ లేదు, అయినా కుంటుతున్నదంటే మీ చూపు జబ్బ మీదికి పోవాలి.

మెడలో బయలుదేరిన నరమొకటి జబ్బ పలక ముందు అంచును చుట్టి, పలక మీది కండలకు పోతుంది. అంచు దగ్గర అది ఎముకకు ఆనుకొని ఉంటుంది గనుక, కొట్టం గుంజకు గుద్దుకొన్నా, కాడి ఒరిగి ఒకే చోట ఒత్తినా అక్కడ నలుగుతుంది. కాలు జారి వెనక్కి లాగుకొన్నా సాగి దెబ్బ తింటుంది.

ఎద్దును చదును నేల మీద నడిపించి, ఎదురుగా నిలిచి చూడండి. బరువు మోపినప్పుడల్లా ఆ జబ్బ ప్రక్కకు పొడుచుకొని వస్తుంది. అడుగు పొట్టిగా పడుతుంది. కొన్ని వారాలు పోతే పలక మీది కండ కరిగి, నడిమి ఎముక గట్టు చేతికి తగులుతుంది. రెండు జబ్బలూ తడిమి పోల్చుకొంటే తేడా మీకే తెలుస్తుంది.

అయితే జబ్బ వాచి, జ్వరం కాసి, నొక్కితే చర్మం క్రింద చిటపటమంటే అది నరం దెబ్బ కాదు, జబ్బవాపు! ప్రాణం గంటల్లో పోతుంది. వెంటనే పశువైద్యునికి కబురు పెట్టండి. 1962కు ఫోను చేయండి.

నరం దెబ్బే అయితే తక్షణం కాడి దించండి. మొదటి రెండు రోజులు చన్నీటి గుడ్డ, పూటకు పావుగంట. ఆ తరువాత గోరువెచ్చని కాపడం, మెత్తగా మర్దన. వాపు తగ్గే సూది డాక్టరుగారే వేయాలి. డైక్లోఫెనాక్ మాత్రం వద్దు. ఆ మందు పడిన పశువు కళేబరం తిని రాబందులు చచ్చిపోతున్నవని 2006లో పశువులకు దానిని నిషేధించారు. మెలాక్సికామ్ ఉన్నది. ఇక వాతలంటారా, కాలేది తోలే గాని నరం బాగుపడదు.

నరం కేవలం నలిగితే కొద్ది వారాల్లో తేరుకోవచ్చు. లోపల తెగితే మళ్ళీ పెరగాలి. పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. అందుకే నెలలు పడుతుంది, ఒక్కోసారి పూర్తిగా రాదు కూడా. కుంటు తగ్గిందని వారానికే దుక్కికి కట్టకండి. కండ నిండేదాకా చదును నేల మీద పొద్దున, సాయంత్రం కొద్దిగా నడిపించండి. మళ్ళీ కట్టే రోజున కాడి నునుపుగా ఉన్నదా, జతలో రెండూ ఒకే ఎత్తువేనా చూచుకొని, మొదట ఖాళీ బండికి కట్టండి.