పని మానేముందు ఇంట్లో ఒక మాట

ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోయాక, మా సంఘములోని ఒక సహోదరుడు వెనుక బెంచీ మీద అలాగే కూర్చుండిపోయారు. ఆయన వయస్సు 52. స్పిన్నింగ్ మిల్లులో 26 సంవత్సరములుగా పని చేస్తున్నారు. దూది ధూళికి పట్టిన దగ్గు మందులు వాడినా తగ్గడము లేదు.

"అయ్యగారూ, ఇక మిల్లు మానేద్దామనుకుంటున్నాను. పీఎఫ్ డబ్బు వస్తుంది. ఉన్న కాస్త చేను చూసుకుంటూ దేవుని పనిలో ఉంటాను. అందులో లక్ష రూపాయలు మందిరము స్లాబుకు ఇస్తాను. ప్రార్థన చేయండి" అన్నారు.

ప్రార్థన చేశాము. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మా మందిరమునకు గోడలు లేచి మూడేళ్ళయింది, పైన ఇంకా రేకులే. ఆయన లక్ష అనగానే మా మనస్సులో స్లాబు పడిపోయింది. మానితే ఇల్లు ఎలా గడుస్తుందని మేము అడగనే లేదు. ఇది దేవుని నడిపింపే అని చెప్పి పంపించాము.

మూడవ రోజున ఆయన భార్య మా ఇంటికి వచ్చారు. గుమ్మము దగ్గరే నిలబడి, "అయ్యగారూ, మీరే మానెయ్యమన్నారట గదా" అన్నారు. మా ఇంట్లో అమ్మగారు లోపలికి పిలిచి కూర్చోబెట్టాక అసలు సంగతి చెప్పారు. డ్వాక్రాలో 60 వేలు అప్పు ఉంది. బంగారము బ్యాంకులో పెట్టి తెచ్చినది 85 వేలు. "అంతా ఆయన దగ్గుకే అయిందండీ. ఆయనకు సగమే తెలుసు. మొత్తము తెలిస్తే మందులు మానేస్తారని చెప్పలేదు."

మాకు నోట మాట రాలేదు. ప్రార్థన తొందరగా ముగించి పంపినది మేమే గదా!

ఆ రాత్రి వారి ఇంటికి వెళ్ళాము. ముందుగా ఆయనతో, "స్లాబు మాట మరచిపోండి. మేము తొందరపడ్డాము, క్షమించండి" అన్నాము. తరువాత ఆ సహోదరి తానే అప్పుల సంగతి చెప్పారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నాకోసము నీ గాజులు పోయాయా?" అన్నారు. లెక్కల కంటె ముందు ఆ ఇంట్లో ఆ మాట జరగవలసి ఉంది.

పిమ్మట పిల్లల నోటు పుస్తకము తెరిచాము. పీఎఫ్ ఖాతాలో సుమారు 6 లక్షలు. అప్పులు తీర్చగా మిగిలేది 4 లక్షల 55 వేలు. ఇంటి ఖర్చు నెలకు 14 వేలు. ఆ లెక్కన 32 నెలలు గడుస్తాయి, అంతే. ఆయనకు 58 నిండడానికి ఇంకా 72 నెలలు ఉన్నాయి. అమ్మాయి నర్సింగు చదువుకు మరో సంవత్సరమున్నర ఫీజు కట్టాలి. ఎకరమున్నర మెట్ట చేను మీద వచ్చేది వానను బట్టి ఉంటుంది.

ఇక పింఛను సంగతి. 1995 నవంబరులో మొదలైన ఉద్యోగుల పింఛను పథకము ప్రకారము, కనీసము 10 సంవత్సరముల సర్వీసు ఉన్నవారికి 58 ఏళ్ళకు పింఛను వస్తుంది. 50 దాటిన తరువాత ముందుగానే తీసుకోవచ్చు. కాని 58కి ఎన్ని సంవత్సరములు తక్కువైతే, సంవత్సరమునకు 4 శాతము చొప్పున తగ్గుతుంది. ఆ తగ్గింపు 58 నిండాక కూడా పోదు, జీవితాంతము ఉంటుంది. ఈ సహోదరునికి పూర్తి పింఛనే నెలకు నాలుగు వేల లోపు. ఇప్పుడే తీసుకుంటే అందులో ఐదవ వంతుకు పైగా పోతుంది.

చాలామంది పని మానడము, పింఛను తీసుకోవడము ఒకటే అనుకుంటారు. అవి రెండు వేరు నిర్ణయములు. ఇప్పుడు పని మానినా, పింఛను కదపకుండా ఉంచి 58కి అడగవచ్చు. కనుక మానేముందు మిల్లు ఆఫీసుకు వెళ్ళి పీఎఫ్ ఎంత, పింఛనుకు లెక్కించే సర్వీసు ఎంత, ఈఎస్‌ఐ వైద్యము తరువాత ఉంటుందా అని అడిగి, కాగితము మీద వ్రాసుకోవాలి.

ధూళిలో పని చేస్తూ ఆరేళ్ళు ఆగమని చెప్పగలమా? అదీ చెప్పలేము. ఊపిరి పోయాక జీతము దేనికి? సంఖ్యాకాండము 8వ అధ్యాయములో, లేవీయులు 50 ఏళ్ళ వయస్సులో బరువు పని మానాలని దేవుడు ఏర్పాటు చేశాడు. త్వరగా విరమించుట అవిశ్వాసము కాదు. అయితే వారు ఊరకే కూర్చోలేదు, తమ సహోదరులకు తోడుగా ఉన్నారు. మరొక సంగతి కూడా చూడాలి. లేవీయులకు జనుల దశమ భాగముల వలన భోజనము ఏర్పాటై ఉంది. మిల్లు కార్మికుడు ఆ ఏర్పాటు తానే చేసుకోవాలి.

లూకా సువార్త 12వ అధ్యాయములోని ధనవంతుడు కొట్లు నిండాయి గనుక ఇక సుఖపడవచ్చు అనుకున్నాడు. 14వ అధ్యాయములో గోపురము కట్టేవాడు ముందుగా ఖర్చు లెక్క చూచుకోవాలని ప్రభువు చెప్పాడు. ధనమును నమ్ముకోవద్దు, లెక్క చూడక దిగవద్దు. ఈ రెండు మాటలు చెప్పినది ఒకే ప్రభువు.

ఆ రాత్రి వారు ఒక నిర్ణయమునకు వచ్చారు. ధూళి ఉండే విభాగము నుండి గోడౌనుకు మార్చమని డాక్టరు చీటీతో అడిగారు. నెల తరువాత మార్చారు. జీతము కొంచెము తగ్గింది, దగ్గు కూడా కొంత తగ్గింది. అమ్మాయి చదువు అయ్యేవరకు, అప్పులు తీరేవరకు పని చేసి, అప్పుడు మానాలని అనుకున్నారు. రెండు గేదెలను కొని పాలు పోస్తున్నారు. పింఛను మాత్రము 58 వరకు ముట్టుకోరు.

ఇంకా ఏడు నెలలు ఉన్నాయి. నూలు అమ్మకాలు లేక మిల్లులో షిఫ్టులు తగ్గిస్తున్నారు. అంతవరకు నడుస్తుందో లేదో ఎవరికీ తెలియదు. మధ్యలో మూతబడితే ఏమి చేయాలో కూడా అదే నోటు పుస్తకములో వ్రాసి ఉంచారు. అందులో మొదటి వరుస అప్పు తీర్చుట, రెండవది ఫీజు.

మా మందిరము మీద ఇంకా రేకులే ఉన్నాయి. వాన పడితే ప్రసంగము వినబడదు. పరవాలేదు. మొన్న ఆదివారము ఆ సహోదరుడు దగ్గకుండా వాక్యము చదివారు.

ప్రియులారా, పని మానాలనే తలంపు మీ ఇంట్లో కూడా ఉంటే, పాస్టరుకు చెప్పేముందు భార్యాభర్తలు ఒకరికొకరు అంతా చెప్పుకోండి. అప్పులు దాచవద్దు, జబ్బు దాచవద్దు. ఆ తరువాత కలిసి ప్రార్థించండి. మన పనిని, మన విశ్రాంతిని కూడా ప్రభువు ఆశీర్వదించును గాక.