జపమాల: ఇంటిలో దాని చోటు, దాని సంరక్షణ

జపమాల లేని దేవతార్చన మందసం తెలుగునాట అరుదు. తాతగారి రుద్రాక్షమాల, అమ్మమ్మగారి తులసిమాల, కాశీ నుండి ఎవరో తెచ్చి ఇచ్చిన స్ఫటికమాల - ఇట్లు కొన్ని ఇండ్లలో రెండు మూడు కూడ ఉంటవి. వాటిలో జపానికి ఉపయోగపడేది ఒకటి. తక్కినవాటిని ఏ పటానికో వేస్తాము, ఏ మేకుకో తగిలిస్తాము. కొన్నేండ్లు గడచిన తరువాత ఒకనాడు దారం పుటుక్కున తెగి పూసలు గదియంతా దొర్లుతవి. వెదకగా వెదకగా 108 పూసలలో ఏ తొంభయ్యో చేతికి వస్తవి. ఇంటిల్లిపాదీ అపశకునమని బెంగపెట్టుకుంటారు. అది శకునం కాదు. నూలుదారం ఆయువు తీరటం.

మాల యందు మనకు భక్తి ఉన్నది గాని, అది దేనితో చేసినదో ఆ వస్తువును గూర్చిన ఎరుక తక్కువ. అది ఒక పండులోని టెంకయో, కట్టెముక్కయో, రాయియో అనే సంగతినీ, వాటినన్నిటినీ కలిపి నిలిపేది సన్నని పోగు అనే సంగతినీ మరచిపోతాము. అందుచేత మనం భక్తితో చేసే సేవలే - నిత్యం కడగటం, పాలలో నానబెట్టటం, కుంకుమ అలదటం - పెక్కు మాలలను చెడగొడుతున్నవి. పెద్దలు పెట్టిన నియమాల తీరు వేరు. జపం కాగానే మాలను సంచిలో దాచమన్నారే గాని నిత్యం అభిషేకించమనలేదు.

"శాస్త్రంలో పంచగవ్యస్నానం చెప్పలేదా?" అని ఎవరైనా అడుగవచ్చును. చెప్పిన మాట నిజమే. నూట ఎనిమిది ఉపనిషత్తులలో ఒకటైన అక్షమాలికోపనిషత్తు ప్రజాపతికీ గుహునికీ జరిగిన సంవాదం. పగడం, ముత్యం, స్ఫటికం, శంఖం, వెండి, బంగారం, చందనం, పుత్రజీవకం, తామర, రుద్రాక్ష - ఈ పదింటితోను మాల కూర్చవచ్చునని అందులో ఉన్నది. 'అ' మొదలు 'క్ష' వరకు గల అక్షరాలను పూసలయందు భావించటం వలన అది అక్షమాల అయినది. పంచగవ్యాలతో శుద్ధి చేయటం, గంధోదకంతో స్నానం చేయించటం, అష్టగంధాలు పూయటం, పూలపై ఉంచి అక్షతలతో పూజించటం - ఇదంతా అక్కడ ఉన్నది. అయితే అది మాలకు చేసే సంస్కారం, అనగా జపానికి దానిని సిద్ధం చేసే క్రియ. ఉపనయనం ఒకసారి చేస్తాము. ప్రతి సోమవారం చేయము గదా! ఆ గ్రంథంలోనే మరొక మాట నన్ను ఎప్పుడూ ఆకర్షిస్తుంది. పూసలోని రంధ్రం విద్య అనీ, దారపు ముడి ప్రకృతి అనీ అందులో భావన చేశారు. పూసలను వర్ణించి ఊరుకొనక రంధ్రాన్నీ ముడినీ కూడ గుర్తుంచుకొన్నవారికి మాల గుచ్చే పని తెలిసే ఉండవలె.

రుద్రాక్షను మనం గింజ అంటాము. నిజానికి అది నీలిరంగు పండులోని టెంక. అసలు గింజలు ఆ టెంక లోపలి గదులలో ఉంటవి. పైన కనిపించే నిలువు గీతలే ముఖాలు. ఎన్ని గీతలో లోపల అన్ని గదులు. ఐదు ముఖాలది ప్రకృతిలో విరివిగా కాస్తుంది కనుకనే చౌక. నేపాళంలోను జావాలోను ఈ చెట్లు ఎక్కువ. నేపాళపు కాయ పెద్దది, జావా కాయ చిన్నది. అరుదైన ముఖాల పేరిట అంగడిలో జరిగే మోసం ఇంతింత కాదు. గీతలు చెక్కుతారు, రెండు టెంకలను జిగురుతో అతుకుతారు, పోకచెక్కను మలచి అమ్ముతారు. నీటిలో మునిగితే అసలుది, తేలితే నకిలీ అనే పరీక్షకు విలువ లేదు. బాగా ఎండిన అసలు టెంక తేలవచ్చును. బరువైన నకిలీ మునగవచ్చును. గంటల తరబడి ఉడికించి చూడటం మరీ అన్యాయం. అసలుది ఉన్నా అది చెడుతుంది. ఎక్కువ ధర పెట్టి కొనేవారు ఎక్స్-రే తీయించి లోపలి గదులను లెక్కించుకోవటమే మేలు.

రుద్రాక్షకు నీటితో వచ్చే చిక్కు ఏమనగా, టెంక తడిని పీల్చి ఉబ్బుతుంది, ఎండి ముడుచుకొంటుంది. ఇది మాటిమాటికి జరిగితే పగుళ్లు పడతవి. అంతకంటె ముఖ్యం: పూస పైకి ఆరినట్లు కనిపించినా రంధ్రంలోని దారం ఆరదు. దారం కుళ్లటం అక్కడనే మొదలవుతుంది. వానకాలంలో కోస్తా జిల్లాల ఇండ్లలో ఆ ముడతలలో బూజు కూడ పడుతుంది. సబ్బు పనికిరాదు. మెత్తని పొడి కుంచెతో ముడతలలోని దుమ్ము దులపండి. ఏడాదికి ఒకటి రెండుసార్లు బట్టకు ఒక చుక్క నువ్వులనూనె రాసి, ఆ బట్టతో పూసలను తుడిచి, మరల పొడిబట్టతో ఒత్తి తీయవలె. నూనె ఎక్కువయితే దుమ్ము అంటుకొని పాతనూనె వాసన వేస్తుంది.

తులసిపూస ఇంకా సుకుమారం. అది తులసి కాండాన్ని ఎండబెట్టి తరిమెనపట్టినది, మెత్తని కట్టె. దానికి తడీ గిట్టదు, ఎండా గిట్టదు. ఈ మధ్య కారు అద్దానికి మాల వేలాడదీసే అలవాటు ప్రబలింది. మూసిన కారులో మన వేసవి ఎండకు ఆ కట్టె ఏమి కావలె? చేతి రాపిడికి తులసిపూస నునుపెక్కి నల్లబడుతుంది; అది మురికి కాదు, గీకి తెల్లగా చేయబోకండి.

స్ఫటికం రాయి గనుక దానికి నీటి భయం లేదు. మన మెట్టపొలాలలో కనిపించే పలుగురాయికి అది స్వచ్ఛరూపం. కాఠిన్యం కొలిచే పదంకెల కొలమానంలో దానిది 7. గాజుది అయిదున్నర ప్రాంతం. గాజుపూసలో సన్నని గాలిబుడగలు కనిపించవచ్చును. స్ఫటికం చెంపకు ఆనిస్తే గాజుకంటె చల్లగా తోస్తుంది. కాని ఈ కఠినత్వమే దారానికి శత్రువు. రంధ్రపు అంచు పదునుగా ఉండి, మాల తిరిగినప్పుడెల్ల పోగును కోస్తుంది. స్ఫటికమాలలు తరచు తెగటానికి కారణం ఇదే. ముత్యానికీ పగడానికీ పులుపు పనికిరాదు. చింతపండుతో పూజాపాత్రలు తోమిన చేతితో వాటిని తాకరాదు.

ఇక మాలను ఎక్కడ ఉంచవలె? దిక్కును గూర్చి ఎవరి సంప్రదాయం వారిది. దానితో నాకు తగవు లేదు. ఏ దిక్కున ఉన్నా ఆ చోటు పొడిగా ఉండవలె, దీపపు మసి తగలరాదు, అభిషేకజలం చిందరాదు. తడిపూలతోపాటు విగ్రహం మెడలో రాత్రంతా వదలిన మాల ఉదయానికి చెమ్మగిల్లి ఉంటుంది. మేకుకు తగిలిస్తే బరువంతా దారంలో ఒక్కచోటనే పడుతుంది. గోముఖిసంచిలో పెట్టి, ఆ సంచిని టేకుపెట్టెలోనో గూటిలోనో ఉంచటం అన్నిటికంటె క్షేమం. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో తేమ చిక్కుకొంటుంది. నెలకొకసారి ఉతకవలసింది సంచిని, మాలను కాదు. మెడలో ధరించే మాలతో జపం చేయరాదనే నియమంలో కూడ ఎంతో లోకజ్ఞత ఉన్నది: చెమట పీల్చిన దారం చేతిలో ఎంతకాలం నిలుస్తుంది?

దారం తెగేదాకా ఆగకండి. పూసల మధ్య సందు పెరిగినా, మేరువు దగ్గర పోగు నల్లబడి నూగు లేచినా మాల మార్చి గుచ్చుకోవలసిన కాలం వచ్చినట్లే. తులసికి, రుద్రాక్షకు గట్టి నూలుదారం గాని పట్టుదారం గాని సరిపోతుంది. అంచుగల పళ్లెంలో బట్ట పరచి, దానిపై మాలను ఉంచి, మేరువు దగ్గర కత్తిరించి, ఒక్కొక్క పూసనే వరుస తప్పకుండ కొత్త దారంలోకి మార్చండి. పూసపూసకు నడుమ ముడి వేయటం శ్రమతో కూడినదే. దారమూ ఎన్నో రెట్లు పడుతుంది. కాని ముడి ఉంటే పూసలు ఒకదానినొకటి ఒరసుకోవు. ఎప్పుడైనా తెగినా జారేది ఒకటి రెండు పూసలే.

పెద్దలు గతించినప్పుడు వారి మాలను ఏమి చేయవలెనన్నది ఇంటింట ఎదురయ్యే ప్రశ్న. కొందరు వారితోనే పంపుతారు, కొందరు గోదావరిలో కలుపుతారు, కొందరు వారసులకు ఇస్తారు. సంప్రదాయం అడ్డురానిచోట తొందరపడి నీటిపాలు చేయవద్దని నా మనవి. నలభై ఏండ్లు ఒకరి వ్రేళ్ల మధ్య తిరిగి నునుపెక్కిన పూసలు అంగడిలో దొరికేవి కావు. ఒకటి రెండు పూసలు పోయి ఉంటే అదే జాతి పూసలు తెచ్చి లెక్క సరిచేయవచ్చును. కొత్తవి కొంతకాలం తెల్లగా వేరుపడి కనిపిస్తవి, అంతే. పగిలిన పూసలను, తీసివేసిన నూలుదారాన్ని తులసికోట మట్టిలో కప్పవచ్చును. నైలాన్ దారమయితే మాత్రం కోటలోగాని నదిలోగాని వేయకండి. అది మట్టిలో కలవదు.