గెలుస్తనే ఉన్నరు, మెట్టు ఎక్కనిస్తలేరు

యూరప్‌ల రగ్బీ ఆటకు రెండు మెట్లున్నయి. పై మెట్టు ‘సిక్స్ నేషన్స్’. ఇంగ్లాండ్, ఫ్రాన్స్ అసొంటి ఐదు దేశాలకు 2000ల ఇటలీ తోడైంది. గంతే, తలుపు వెట్టిండ్రు. అదే ఏడు కింది మెట్టోళ్లకు ‘యూరోపియన్ నేషన్స్ కప్’ షురువైంది. ఇప్పుడు దాని పేరు ‘రగ్బీ యూరప్ ఛాంపియన్‌షిప్’.

2018 నుంచి 2025 దాక ఏటా జార్జియానే గెలిచింది. మరి పైకి తీస్కున్నరా? లేదు. గెలిస్తె పైకి, ఓడితె కిందికి అనే రూలే లేదు. పై టోర్నీని నడిపేది ఆ ఆరు దేశాల సంఘాలే. కిందికి జారితె టీవీ పైసలు, టికెట్ల పైసలు పోతయని వాళ్ల భయం.

2022ల జార్జియా అదే ఇటలీని 28-19తోని, వేల్స్‌ను వాళ్ల కార్డిఫ్‌లనే 13-12తోని ఓడగొట్టింది. ఇంకేం రుజువు గావాలె?

నేననేది ఒక్కటే. పైన ఆఖరున ఉన్నోళ్లు, కింద కప్పు గెలిచినోళ్లు ఏటా ఒక్క మ్యాచ్ ఆడాలె. గెలిచినోళ్లదే పై మెట్టు. ఆటంటె గదే గదా తమ్మీ!