తుఫాను మీకు ఏ పక్కన దాటుతోంది?

బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే టీవీలో ముందుగా వినబడేవి రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికల నంబర్లు. కాకినాడలో మూడో నంబరు, మచిలీపట్నంలో పదో నంబరు అంటూ చదువుతుంటారు. వినేవాళ్లు వాటిని జ్వరం డిగ్రీల్లాగా తీసుకుంటారు. ఎనిమిది అంటే ఎక్కువ, పది అంటే ఇంకా ఎక్కువ అన్నమాట. నిజానికి ఎనిమిది, తొమ్మిది, పది ఒకే తీవ్రతకు పెట్టిన మూడు గుర్తులు. తుఫాను వెళ్లే దారికి ఎడమ పక్కన రేవు ఉంటే ఎనిమిది, కుడి పక్కన ఉంటే తొమ్మిది, తుఫాను రేవు మీదుగానో దగ్గర్లోనో దాటేట్టుంటే పది. అంతకంటే తక్కువ తీవ్రత ఉన్న తుఫానుకు ఇదే వరసలో అయిదు, ఆరు, ఏడు. ఇక పదకొండు అంటే తుఫాను మరీ పెద్దదని కాదు, హెచ్చరిక కేంద్రంతో రేవుకు సంబంధాలు తెగిపోయాయని. ఈ నంబర్లు ఓడల వాళ్ల కోసం పుట్టినవి. ఇంట్లో ఉండేవాళ్లకు వాటిలో పనికొచ్చే విషయం ఒక్కటే ఉంది. అది కుడా, ఎడమా అన్నది. టీవీలో మాత్రం ఎవరూ దాన్ని విడమరిచి చెప్పరు.

భూగోళం ఉత్తరార్ధంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. మన తీరానికి తుఫాను తూర్పు నుంచి పడమరకు వస్తోందనుకుందాం. అది వెళ్లే దారికి కుడి పక్క, అంటే ఉత్తరాన, గాలి సముద్రం మీంచి నేల మీదికి వీస్తుంది. దక్షిణాన నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. అందుకే ఉప్పెన సాధారణంగా కుడి పక్కనే విరుచుకుపడుతుంది. తుఫాను ముందుకు కదిలే వేగం కూడా ఆ పక్క గాలికే తోడవుతుంది.

1977 నవంబరు 19న జరిగింది ఇదే. తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయింది మాత్రం దానికి ఈశాన్యాన ఉన్న దివిసీమలో. అక్కడ సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి పొలాల మీదికి వచ్చింది. చనిపోయినవాళ్లు అధికారిక లెక్కల్లోనే 10 వేల పైచిలుకు.

అయిదు మీటర్ల నీరు ఎలా లేస్తుంది? తుఫాను నడిమధ్యలో గాలి పీడనం పడిపోతుంది కాబట్టి అక్కడ సముద్రం కాస్త ఉబ్బుతుంది. పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే నీరు సుమారు ఒక సెంటీమీటరు పైకి వస్తుంది. మామూలుగా 1010 ఉండే పీడనం 950కి పడినా ఆ లెక్కన పెరిగేది 60 సెంటీమీటర్లే. మిగతాదంతా గాలి పని. లోతైన సముద్రంలోనైతే గాలి నెట్టిన నీరు అడుగు నుంచి వెనక్కి జారిపోతుంది. మన తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ, నీటికి వెనక్కి పోయే దారి ఉండదు, ఒడ్డెక్కుతుంది. సరిగ్గా ఆ వేళకు పోటు కూడా ఉంటే ఆ ఎత్తూ దీనికి కలుస్తుంది. ఒక ఘనమీటరు నీరు ఒక టన్ను బరువు. అది కదులుతూ వస్తే మట్టిగోడ మాట అటుంచండి, ఇటుకగోడా నిలబడదు.

కాబట్టి తీరం దగ్గరున్న కుటుంబం టార్చిలైటు కొనడానికి ముందు తెలుసుకోవలసింది తన ఇల్లు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో. ఫోను చూపించే ఎత్తులో చాలా మీటర్ల తేడా రావచ్చు, దాన్ని నమ్మలేం. ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. ఏ తుఫానుకు నీళ్లు ఏ గుడి మెట్టు దాకా, ఏ బడి గుమ్మం దాకా వచ్చాయో వాళ్లకు గుర్తుంటుంది. ఆ గుర్తుకు కింద ఉన్న ఇల్లు ఎంత గట్టి స్లాబు వేసినదైనా ఉప్పెన వచ్చే రోజున ఉండదగ్గది కాదు.

సముద్రానికి దూరంగా ఉన్నవాళ్లు ఇది తమకు పట్టదనుకోవడానికి లేదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచింది సముద్రమూ కాదు, కృష్ణా కూడా కాదు, బుడమేరు వాగు. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి పోయింది. జనం పై అంతస్తుల్లో ప్రాణాలతోనే ఉన్నారు, కానీ చుట్టూ నీళ్లే ఉండి తాగడానికి చుక్క లేదు. ఆహారం డ్రోన్లతో అందించాల్సి వచ్చింది. పల్లపు కాలనీలో అద్దెకు దిగేముందు ఇంటి వాస్తు చూసినంత శ్రద్ధగా ఆ వీధిలో వాన నీళ్లు ఎటు పోతాయో చూస్తే బాగుండును.

తుఫానుకున్న మంచి గుణం ఒకటే, చెప్పి వస్తుంది. వాతావరణ శాఖ దాదాపు 72 గంటల ముందు ఒక కబురు పంపుతుంది, 48 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. ఇంటి నిర్ణయాలను ఈ గంటలకు ముడివెయ్యాలి. 48 దగ్గర నీళ్లు, మందులు, చేతిలో నగదు, బండిలో పెట్రోలు. కరెంటు పోతే ఏటీఎమ్ పనిచెయ్యదు, పెట్రోలు బంకులో పంపూ ఆడదు. 24 దగ్గర ముసలివాళ్లను, నెలలు నిండినవాళ్లను, పసిపిల్లలను పగటి వెలుగుండగానే తరలించాలి. తీరం దాటడానికి చాలా గంటల ముందే గాలి ముదిరి చెట్లు రోడ్లకడ్డంగా పడతాయి, ఆ తర్వాత బయల్దేరాలన్నా దారి ఉండదు. షెల్టరుకు రమ్మంటే చాలామంది కదలనిది గొడ్ల కోసం. వాటిని వెంట తీసుకెళ్లలేకపోతే పలుపులు విప్పి వదలండి. కట్టేసిన గేదె మునిగిపోతుంది, విప్పిన గేదె ఈదుకుంటూ మెట్ట చేరే అవకాశం ఉంది.

కదలడం వల్ల ఎంత తేడా వస్తుందో ఒడిశా చూపించింది. 1999 అక్టోబరు పెనుతుఫానులో అక్కడ దాదాపు 10 వేలమంది పోయారు. 2013లో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటేముందు దాదాపు 10 లక్షలమందిని ఖాళీ చేయించారు, మృతులు పదుల్లోనే ఆగారు.

ఉప్పెన అందని ఎత్తులో ఇల్లుంటే అప్పుడు గాలి సంగతి. గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. గంటకు 90 కిలోమీటర్ల గాలి కన్నా 180 కిలోమీటర్ల గాలి రెండింతలు కాదు, నాలుగింతలు నెడుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖ హుద్‌హుద్‌లో చవిచూసింది ఆ రెండో రకం. రేకుల కప్పును గాలి కిందికి నొక్కదు, పైకి లేపుతుంది. కప్పు మీదుగా జోరుగా వెళ్లే గాలి అక్కడ పీడనం తగ్గిస్తుంది, పగిలిన కిటికీలోంచి దూరిన గాలి లోపలి నుంచి ఎత్తుతుంది. రేకుల మీద ఇసుక బస్తాలు పెట్టడం కంటే వర్షాకాలం మొదలవకముందే అంచుల దగ్గర బోల్టులు బిగించుకోవడం మేలు. లోపలా బయటా పీడనం సమం కావడానికి కిటికీలు తెరిచి ఉంచాలని ఒక సలహా తిరుగుతుంటుంది, అది తప్పు. అన్నీ మూసి, గాలికి ఎదురుగా లేని, కిటికీలు తక్కువున్న గదిలో కూర్చోవాలి. ఉన్నట్టుండి గాలి ఆగి ఆకాశం తేటపడితే తుఫాను కన్ను మీ మీదికి వచ్చి ఉండొచ్చు. కాసేపట్లో అంతే గాలి ఎదురు దిక్కు నుంచి మొదలవుతుంది. పడిన కొమ్మలు తీద్దామని బయటికి వెళ్లేవాళ్లకు గండం ఆ కాసేపే.

గ్యాసు బండను చాలామంది పట్టించుకోరు. నిండు సిలిండరు బరువు ఖాళీ బండ, 14.2 కిలోల గ్యాసు కలిపి సుమారు 30 కిలోలు. దాని లోపలి చోటే 33 లీటర్లు, అంటే అది పక్కకు నెట్టే నీరు 33 కిలోలకు పైనే. కాబట్టి ఖాళీదే కాదు, నిండుదీ తేలుతుంది. తేలి, గొట్టం పీక్కుని, గ్యాసు వదులుతూ గదంతా తిరుగుతుంది. నీళ్లు వచ్చే సూచన ఉంటే రెగ్యులేటరు తీసి, మూత పెట్టి, బండను గట్టి కిటికీ ఊచకు కట్టెయ్యండి. కరెంటు మెయిన్ కూడా పాదాలు తడవకముందే ఆపాలి. ఇన్వర్టరున్న ఇంట్లో మెయిన్ ఆపితే సరిపోదు, బ్యాటరీ నుంచి అదే 230 వోల్టులు గోడల్లో తిరుగుతుంటాయి, దాన్నీ ఆపాలి. జనరేటరుంటే ఆరుబయటే ఉండాలి. వరండాలో పెట్టినా కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, దానికి వాసన ఉండదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటికీ ఇదే మాట.

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్లు వేసుకోండి. నలుగురికి మూడు రోజులకు 48 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు దాదాపు రెండున్నర. అవి అయిపోయాక మురికి నీరే దిక్కైతే క్లోరిన్ బిళ్ల నేరుగా వెయ్యొద్దు. బురదే క్లోరిన్‌ను తినేస్తుంది. ముందు పటికతోనో, మన పల్లెల్లో వాడే చిల్లగింజను అరగదీసో తేర్చి, గుడ్డలో వడకట్టి, ఆ తర్వాత బిళ్ల వేసి అరగంట ఆగాలి. చిల్లగింజ నీటిని తేరుస్తుంది, క్రిములను చంపదు. పొయ్యి ఉంటే తెర్లే నీటిని ఒక నిమిషం కాగనిస్తే చాలు. వరద తగ్గిన వారంలో విరేచనాలు మొదలవుతాయి. ఓఆర్ఎస్ పొట్లాలు లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలపాలి. చెంచాలు తలగొట్టినవి, టీ చెంచాలు. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం. ఇన్సులిన్ వాడేవాళ్లకు ఫ్రిజ్ ఆగిపోతే నీడన పెట్టిన తడి మట్టికుండ చాలావరకు పని గడుపుతుంది.

ఫోను సంగతి. తుఫాను దాటగానే హైదరాబాదు నుంచి, డాలస్ నుంచి బంధువులంతా ఒకేసారి చేస్తారు, ఉన్న కాస్త బ్యాటరీ అక్కడే అయిపోతుంది. దూరపు ఊరి చుట్టాల్లో ఒకరిని ముందే అనుకుని, క్షేమసమాచారం వాళ్లకే చెప్పి, మిగతావాళ్లు అక్కడే కనుక్కోవాలని పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. కాల్ కలవనప్పుడు కూడా ఎస్ఎమ్ఎస్ వెళ్తుంది. దానికి నెట్‌వర్కులో చోటు చాలా తక్కువ చాలు, ఒకసారి కుదరకపోతే తనే మళ్లీ ప్రయత్నిస్తుంది. 112, 108, జిల్లా కంట్రోల్ రూమ్ 1077 నంబర్లు ఫోనులోనే కాక గోడ మీదా రాసి ఉండాలి.

నీరు తీశాక ఇంట్లోకి వెళ్లేటప్పుడు కర్రతో నేల తడుతూ వెళ్లండి, పాములు మెట్ట కోసం ఇళ్లలోకే చేరి ఉంటాయి. ఎవరినైనా కరిస్తే కట్టు కట్టడం, కోయడం లేకుండా ఆ కాలో చెయ్యో కదలనివ్వక ఆస్పత్రికి తీసుకెళ్లాలి. తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. వంటగ్యాసు గాలి కన్నా బరువు, నేల మట్టాన నిలిచి ఉంటుంది. స్విచ్ బోర్డులు పూర్తిగా ఆరి, ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాకే మెయిన్ వెయ్యాలి.