ఊరి కబురు

సాయంకాలం పశువులు ఇండ్లకు మళ్ళే వేళ డప్పు మోగిందంటే, మా పల్లెలో వంటయింటి ఇల్లాలు గరిటె చేత పట్టుకొనే వాకిటిలోకి వచ్చి నిలబడేది. వీధి మలుపున డప్పు ఆగేది. “ఇందుమూలంగా యావన్మంది ప్రజలకు తెలియజేయునదేమనగా” అని ఒక కంఠం ఎత్తుకొనేది. ఆ గ్రాంథికం ఏ పండితుడూ నేర్పినది కాదు. కచేరీ కాగితాలనుంచి కరణంగారి నోటికీ, అక్కడినుంచి చాటింపు వేసే మనిషి నోటికీ జారి వచ్చినది. సగం అర్థం కాకపోయినా దాని గాంభీర్యం అందరికీ నచ్చేది.

కొన్ని సీమలలో దీనిని దండోరా అన్నారు. కొన్నిచోట్ల టముకు అన్నారు. కాలువకు నీరు వదిలే దినం, శిస్తు గడువు, మశూచి టీకాలవారి రాక, చెరువులో చేపల వేలం, అమ్మవారి జాతర, తప్పిపోయిన దూడ, ఇన్ని పొంతన లేని సంగతులూ ఆ ఒక్క గొంతులోనే ఊరంతా తిరిగేవి. పత్రిక రాని పల్లెకు అదే పత్రిక.

డప్పును చూడని విద్యార్థులు నేడు ఉండవచ్చును గనుక నాలుగు మాటలు చెబుతాను. గుండ్రని కొయ్య చట్రానికి మేకతోలు బిగించి దానిని తయారుచేస్తారు. కుడిచేతిలో పొట్టి కర్ర, దానిని చిర్ర అంటారు. ఎడమచేతిలో సన్నని చిటికెన పుల్ల. వాయించే ముందు గడ్డి మంట వేసి తోలును కాస్తారు. వేడికి తోలు బిగిసి కంఠం విప్పుతుంది. పెండ్లికి ఒక దరువు, జాతరకు ఒక దరువు, చావుకు మరొకటి. తెలిసినవారు మాట వినకముందే, దెబ్బను బట్టి కబురు మంచిదో చెడ్డదో గ్రహించేవారు.

గ్రంథాలయోద్యమం వచ్చిన తరువాత ఊరి కబురుకు మరొక దారి ఏర్పడింది. వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం పేరు మన ఉపాధ్యాయులందరూ ఎరిగినదే. దాని భవనానికి 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేశారు. అంతటి భాగ్యం అన్ని ఊళ్ళకూ పట్టలేదు. అయినా అరుగుమీద ఒకరు పత్రిక పైకి చదువుతూ ఉంటే పదిమంది చుట్టూ చేరి వినే ఆచారం చిన్న ఊళ్ళలోనూ కనిపించేది. తరువాత పంచాయతీ రేడియో వచ్చింది. ఇప్పుడు చరవాణి వచ్చింది. దానిలో కబురు క్షణంలో అందుతుంది, అది ఉన్నవారికి.

అసలు ఆ డప్పు ఎవరి చేతిలో ఉండేది? సాధారణంగా ఊరిచివరి వాడనుంచి వచ్చిన మనిషి చేతిలో. ఆయన గుడివీధిలో మొదలుపెట్టి, పెద్దల వీధులన్నీ తిరిగి, చీకటి పడిన తరువాత తన వాడకు చేరేవాడు. ఊరందరినీ సభకు పిలిచినది ఆయనే. సభ జరుగుతూ ఉంటే చెట్టుక్రింద దూరంగా నిలబడినదీ ఆయనే. చిన్నతనంలో ఇది మాకు వింతగా తోచలేదు. తోచకపోవడమే నాకిప్పుడు వింతగా ఉన్నది.

1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం, ఓటర్ల జాబితాలో పేరున్న గ్రామస్థులందరూ గ్రామసభ సభ్యులే. అంటే డప్పు కొట్టి పిలిచేవారికీ లోపల కూర్చొనే హక్కు ఉన్నది. ఆ మరుసటి సంవత్సరమే, 1994 జూలై 7న, ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. ప్రజలు ఆ ఉద్యమాన్ని దండోరా అనే పిలిచారు. తరతరాలుగా పరుల కబుర్లు మోసిన వాద్యం తనవారి కబురు తానే చాటుకొన్నది. ఎస్సీల వర్గీకరణ రాష్ట్రాలు చేయవచ్చునని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పు చెప్పేసరికి ముప్పది సంవత్సరాలు గడిచినవి.

ఈ మధ్య ఒక పల్లె పాఠశాలకు వెళ్ళినప్పుడు పిల్లల గోడపత్రిక చూచాను. “ఈ వారం మన ఊరిలో” అని ఒక శీర్షిక: హరికథ, గ్రామసభ, కంటి వైద్య శిబిరం. అక్షరాలు ముత్యాలవలె ఉన్నవి. మాస్టారు దానివెనుక కథ చెప్పారు. మునుపొకసారి ఒక కుర్రవాడు “వచ్చే బుధవారం శిబిరం” అని వ్రాసి తేదీ వేయలేదు. కాగితం రెండు వారాలు గోడమీదనే ఉండిపోయింది. కంట శుక్లం ముదిరిన ఒక అవ్వ, ఎవరో చదివి చెప్పగా, మనుమరాలి చేయి పట్టుకొని రెండవ బుధవారం వచ్చింది. అప్పటికి వైద్యులు వచ్చి వెళ్ళి వారమయింది. ప్రొద్దెక్కేదాకా ఆమె పాఠశాల అరుగుమీద కూర్చొన్నది. ఆమెకు మంచినీళ్ళు ఇచ్చినది, ఆ ప్రకటన వ్రాసిన కుర్రవాడే.

ఆ కుర్రవానిని మాస్టారు దండించలేదు. అప్పటినుంచి రెండు నియమాలు మాత్రం పెట్టారు. తేదీ లేని వార్త గోడ ఎక్కరాదు. వ్రాసినవారే సాయంకాలం వీధివీధికీ వెళ్ళి దానిని చదివి వినిపించాలి. అదీ ఊరిచివరి వాడతో మొదలుపెట్టి, గుడివీధితో ముగించాలి. ఈ రెండవ నియమానికి కారణం మాస్టారు చెప్పలేదు, నేనూ అడుగలేదు.

ఆ సాయంకాలం నేనూ పిల్లలవెంట నడిచాను. ఆ కుర్రవాడు మొదటి గుమ్మంముందు నిలిచి, “అవ్వా, బుధవారం కంటి డాక్టర్లు వస్తున్నారు” అన్నాడు.

లోపలినుంచి కంఠం వినిపించింది: “ఏ బుధవారం, నాయనా?”

వాడు కాగితం చూడకుండానే తేదీ చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు.