కల్యాణి నది: భౌగోళికత – విహార సంస్కృతి

స్వర్ణముఖి ఉపనది అయిన కల్యాణి శేషాచల కొండల్లో పుట్టి, తిరుపతికి పడమరగా పారి, తొండవాడ వద్ద ప్రధాన నదిలో కలుస్తుంది. ఇది వర్షాధారమైన ఏరు. ఈశాన్య ఋతుపవన కాలంలో, ముఖ్యంగా తుపాను వేళల్లో పొంగి, వేసవికి ఇసుకతిన్నెగా మిగలడం దీని స్వభావం.

ఈ నదీతీరంలో విహారం రెండు రూపాల్లో కనిపిస్తుంది. దిగువన, భీమానది కూడా వచ్చి కలిసే తొండవాడ సంగమంలో స్నానమాచరించి అగస్త్యేశ్వరుణ్ణి దర్శించడం పూర్వాచారం. స్థానికులు ఈ క్షేత్రాన్ని ముక్కోటి అంటారు. ఎగువన, రంగంపేట సమీపంలో 1977లో పూర్తయిన కల్యాణి ఆనకట్ట జలాశయ దర్శనమనే కొత్త విహారాన్ని కల్పించింది.

ఈ రెండింటికీ ఆధారం ఒకే నీరు. అదే నీరు తిరుపతి, తిరుమలల దాహమూ తీర్చాలి. కాబట్టి జలాశయం నిండి గేట్లు ఎత్తనంతకాలం, ఆనకట్ట దిగువన కురిసిన వానే సంగమానికి కల్యాణి తెచ్చే నీరు. 2021 నవంబరు నాటి భారీ వర్షాలకు గేట్లు ఎత్తగా, ఎండిన ఏరే వరదై పారింది.

స్నానతీర్థం నిలవాలంటే నీరు పారాలి. పట్టణం నిలవాలంటే నీరు ఆగాలి. చిన్న నదుల విహార సంస్కృతిని అధ్యయనం చేసేవారు స్థలపురాణంతోపాటు ఈ నీటి పంపకాన్నీ పరిశీలించడం అవసరం.